తొంభై అయిదు బొగ్గు గీతలు

రిటైరైనవాళ్లు తీరిగ్గా రాసుకోవలసిన సంగతిని ముప్పై నాలుగేళ్లకే రాస్తున్నానని నవ్వుకోకండి. సైటు ఉద్యోగం వరకూ నేను రిటైరైనట్టే. పదకొండేళ్లు బరువులు లేపే చోట పనిచేసి, నిరుడే ట్రైనింగు స్కూల్లో పాఠాలు చెప్పే పనికి మారాను. డిప్లొమా చేతపట్టుకుని వచ్చే నెల సైట్లకు వెళ్లబోయే మీకు, ఏ తాడు ఎంత బరువు మోస్తుందో నోట్సులో రాయించాను. నోట్సులో రాయించనిది ఒకటి మిగిలిపోయింది. అందులో తప్పు నాది కాబట్టి నేనే చెప్పాలి.

అప్పుడు నాకు ఇరవై అయిదు. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాను. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. చుట్టూ ఉన్న తెలుగిళ్లు దాదాపు అన్నీ హిందువులవి. మాది పద్నాలుగు కుటుంబాల చిన్న క్రైస్తవ ప్రార్థన సంఘం. ఆదివారాలు మాంగో అనే పేటలో అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో కూడేవాళ్లం. సంఘంలో చేరేవాళ్లు ఒక కార్డు మీద సంతకం పెట్టాలి. మద్యం ముట్టను, కొనను, ఇంట్లోకి రానివ్వను అని మూడు వాక్యాలు. నాన్న సంతకం పెట్టిన కార్డు మా ఇంట్లో గడియారం కింద ఫ్రేములో ఉండేది. నాన్న ఒకప్పుడు తాగేవాడని, తాగి అమ్మమీద చెయ్యి చేసుకునేవాడని విన్నాను గాని చూసిన గుర్తు లేదు. నాకు తెలిసింది కార్డు తర్వాతి నాన్నే. అందుకే మద్యం చెడ్డదని నాకు ఎవరూ వాదించి ఒప్పించనక్కర్లేకపోయింది. ఇవాళ్టికీ ముట్టను. ఈ శరీరం దేవుడిదని, దాన్ని మత్తులో ముంచే హక్కు మనకు లేదని ఇవాళ్టికీ నమ్ముతాను. ఈ కథ వల్ల మారింది ఆ నమ్మకం కాదు.

టాటానగర్ పక్కనే గమ్హరియాలో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. చుట్టుపక్కల కార్ఖానాల్లో పాత యంత్రాలు పీకి కొత్తవి నిలబెట్టడం మా పని. నా కింద పద్దెనిమిది మంది ఖలాసీలు. బరువులు కట్టి, లేపి, దించేవాళ్లను అక్కడ అలా పిలుస్తారు. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తండ్రుల కాలంలో వచ్చినవాళ్లే. వాళ్ల పెద్దని అందరం మేస్త్రి అనేవాళ్లం. నలభై అయిదేళ్ల మనిషి, పొట్టి, మెడలో తాడుకు సీటీ అనే ఇత్తడి ఈల. అది ఊదితే లేపాలి, రెండుసార్లు ఊదితే ఆపాలి. బరువు నేలనుంచి జానెడు లేవగానే ఆపించి, చిన్న స్పానరుతో ఇనుప తాడును తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. నేను కాగితం మీద అరగంట లెక్కవేసి చెప్పేది ఆయన ఆ మోత విని చెప్పేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. రెండు లెక్కలూ తేడా లేకుండా వస్తుంటే తర్వాత్తర్వాత మండడం మానేసింది.

నేను చేరిన రెండో ఏడు, పండగ మర్నాడు ఒక ఖలాసీ వేలు గొలుసులో పడి నలిగిపోయింది. రాత్రి తాగింది దిగకుండానే వచ్చాడు. మేనేజరు నన్ను పిలిచి ఏదో ఒక పద్ధతి పెట్టమన్నాడు. పద్ధతి పెట్టమనడం నాకు మిఠాయి పెట్టినట్టు. ఆ రాత్రే స్కేలుతో గీతలు కొట్టి జాబితా తయారుచేశాను. పేరు, తేదీ, వాసన, కళ్లు, నడక, మాట, చేతులు. పొద్దున్న ఏడింటికి గేటు దగ్గర దర్వాను ఒక్కొక్కరి నోరూ వాసన చూస్తాడు, నేను టిక్కు పెడతాను. తేడా ఉంటే ఇంటూ మార్కు. ఇంటూ పడితే ఆ రోజుకు ఇంటికి. మూడు ఇంటూలు పడితే పేరు కొట్టివేత. తర్వాత పని హడావిడిలో కళ్లు, నడక, మాట, చేతులు చూడడానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు. వాసన ఒక్కటే మిగిలింది. అయిదు గళ్లలో నాలుగు ఖాళీగా ఉన్న జాబితా కూడా దూరం నుంచి చూస్తే జాబితాలాగే ఉంటుంది.

ఖలాసీలు దాన్ని పూజ అనేవాళ్లు. "పూజ అయిందా బాబూ, పెసాదం పెడతావా?" అని నోరు తెరిచేవాళ్లు. పట్టుబడ్డవాళ్లు చెప్పే సాకులు ఒక కాగితం వెనక రాసుకునేవాణ్ణి. పంటినొప్పికి లవంగనూనె, దగ్గుమందు, హోమియో చుక్కలు, అత్తగారు పంపిన ముగ్గిన పనసపండు. ఇరవై మూడు రకాలయ్యాయి. ఖలాసీల్లో ఒకాయన, మేస్త్రికి జోడీగా పనిచేసే ముసలాయన, ఓ రోజు వరసలో నిలబడి అడిగాడు:

"బాబూ, మీ దేవుడు పెళ్లింట్లో నీల్లని ద్రాచ్చసారా సేసినాడంట గదా. ఆయన ఈ గేటు కాడికొత్తే లోపలికి పంపుతావా, ఇంటికి పంపుతావా?"

నా దగ్గర దానికి నాలుగు పాయింట్ల జవాబు ఉంది. రెండో పాయింటు దగ్గరికి వచ్చేసరికి అందరూ గేటు దాటి వెళ్లిపోయారు.

మేస్త్రి కూడా తాగేవాడు. అయితే పొద్దున్న గేటు దగ్గర ఎప్పుడూ దొరకలేదు. ఒక మే నెల మధ్యాహ్నం, బరువు గాలిలో ఉండగా చేత్తో సైగ చేస్తున్నాడు. చూపుడువేలు వణికింది. కొద్దిగానే. కింద ఎవరూ చూడలేదు, నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు. నెల గడిచాక, జూన్ నడుమ, పనైపోయి అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, మీ పార్దన కాడ కాయితం మీద సంతకాలెట్టిత్తారంట గదా. అదెట్టితే మానీగలరా?"

"పెట్టినవాళ్లలో చాలామంది మానేశారు మేస్త్రీ."

"సాలామందంటే?"

"పద్నాలుగిళ్లలో పదకొండు."

"మరి ఆ మూడిల్లోలు?"

"వాళ్లు మళ్లీ పెట్టారు."

పెద్దగా నవ్వాడు. "నాకు కాయితమొద్దులే. మా నూకాలమ్మ తల్లి ఊరుకోదు. దీని మీద ఒట్టేత్తాను" అని, గొలుసుకు వేలాడుతున్న కొక్కేన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఖలాసీ కొక్కెం పట్టుకుని అబద్ధమాడడు. "ఖలాసీకి సెయ్యి వణికితే ఆడు సచ్చినట్టే బాబూ. నీకు మాటిత్తన్నాను. నాను మానీసినాను."

ఆ రాత్రి నా డైరీలో మేస్త్రి పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు రోజూ ఆయన్ని చూశాను. ఇరవై ఏళ్ల అలవాటు ఎలా మానగలుగుతున్నావు, పొద్దున్న లేవగానే చేతులు లాగినప్పుడు ఏం చేస్తున్నావు అని ఒక్కసారి కూడా అడగలేదు. మానాడా లేదా అన్నది మాత్రమే నాకు కావాలి. అది గేటు దగ్గర దొరికేది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ ఊళ్లో ఆ పూజ అంటే తెలియనివాళ్లు ఉండరు. ప్రతి కార్ఖానాలో, ప్రతి షెడ్డులో, ప్రతి సైకిల్ షాపులో పనిముట్లకు పసుపూ కుంకుమా పెడతారు. మా యార్డులో కొక్కేలకు, గొలుసులకు బంతిపూల దండలు. పూజ వరకూ భక్తి. ఆ తర్వాత సీసాలు. ఆఫీసు గదిలో మేనేజరుగారికి, ఆయన స్నేహితులకు ఒక రకం, బయట చెట్టుకింద ఖలాసీలకు ఇంకో రకం. నేను ప్రసాదం చేతిలో పట్టుకుని తొందరగా ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు పెద్ద లిఫ్టు ఉంది. పాత ప్రెస్సు తలకాయ భాగాన్ని దించాలి. అంతకుముందు మేమెప్పుడూ అంత బరువు ముట్టుకోలేదు.

మర్నాడు ఆరున్నరకే జాబితాతో గేటు దగ్గర నిలబడ్డాను. ఎంతమంది దొరుకుతారో ముందే అంచనా వేసుకున్నాను, నలుగురని. మేస్త్రి అందరికంటే ముందు వరసలో ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా. మొహం వెలిగిపోతోంది.

"నన్ను ముందు సూడు బాబూ" అని దర్వాను ముందు నోరంతా తెరిచాడు.

దర్వాను వంగి, తల వెనక్కి లాక్కున్నాడు. "హండియా, సాహబ్." హండియా అంటే అన్నం పులియబెట్టి చేసే అక్కడి కల్లు.

"ఏ హండియా? తరవాణి, తరవాణి!" అన్నాడు మేస్త్రి, ఇంకా నవ్వుతూనే. "సెప్పు బాబూ ఈడికి. తెలుగోడివి గదా."

నేను వంగి వాసన చూశాను. పులుపు. నానిన బియ్యం, పులిసిన గంజి, వాటి వెనక ఏదో ఆకు. తరవాణి అన్న మాట తెలుసు. గంజీ అన్నం నీళ్లూ కుండలో పులియనిచ్చి పొద్దున్నే తాగుతారని తెలుసు. దాని వాసన ఎలా ఉంటుందో మాత్రం పుట్టిన దగ్గర్నుంచి నాకు తెలియదు. మా ఇంట్లో ఆ కుండ లేదు.

ఆ మాటే చెప్పి ఉండవచ్చు. నాకు తెలియదు అన్నది రెండే మాటలు. కాని వెనక పదిహేడు మంది నిలబడి చూస్తున్నారు. జాబితా చేసింది నేను. పైగా ఇది పూజ మర్నాడు. నా దగ్గర ఇరవై మూడు సాకులు రాసి ఉన్న కాగితం కూడా ఉంది.

"తరవాణికి ఈ వాసన రాదు మేస్త్రీ" అన్నాను.

"రాదా?"

"రాదు. నాకు తెలుసు."

నా మొహంలోకి కాసేపు చూశాడు. కోపం లేదు. తర్వాత మెడలోంచి సీటీ తీసి దర్వాను బల్లమీద పెట్టాడు.

"అయితే రాదులే బాబూ" అని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఇంటూ పెట్టాను. ఇంకుతో, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

లిఫ్టు ఏమైందని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. జోడీ ముసలాయన నోటితోనే ఈల వేసి సైగలు చేశాడు, మిగతావాళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా పనిచేశారు. ప్రెస్సు తల కోడిగుడ్డును దించినట్టు దిగింది. మేనేజరు నా వీపు తట్టి, "చూశావా, నీ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో" అన్నాడు. ఆయన దగ్గర్నుంచి ముందురోజు విస్కీ వాసన ఇంకా వస్తోంది. అది నా ముక్కుకు తగిలింది గాని, దాన్ని రాయడానికి నా జాబితాలో గడి లేదు. ఆఫీసర్ల పేర్లు అందులో నేను వేయలేదు.

రెండు రోజులకు ఆదివారం. మాంగో షెడ్డులో సాక్ష్యం చెప్పడానికి లేచాను. సమాజం ఎంత దిగజారిందో చెప్పాను. పూజ పేరుతో సీసాలు, జీతం రోజు జుగ్సలాయి రోడ్డుమీద దొర్లే మనుషులు, ప్రమోషను వస్తే పార్టీ, బిడ్డ పుడితే పార్టీ. కొక్కెం పట్టుకుని ఒట్టేసిన మనిషి కూడా మూడు నెలలకే మాట తప్పాడని చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, ఆ మనిషి కోసం ప్రార్థన చేశారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

షెడ్డులో నా మాటలు విన్న అమ్మ నాతోపాటే బస్సెక్కింది. ఇంటికి వచ్చి సంచీ కింద పెట్టి అడిగింది.

"ఆ వాసన ఎలగుంది?"

ఎలా ఉందో వరసగా చెప్పాను. పులుపు, నానిన బియ్యం, చివర్లో ఏదో ఆకు.

"రా" అని నన్ను పక్కింటి పిన్ని వంటింట్లోకి తీసుకెళ్లింది. మూలనున్న మట్టికుండ మూత తీసి, "వంగి సూడు" అంది.

వంగాను. ఎక్కువసేపు అక్కర్లేకపోయింది.

"ఇదేనా?"

"ఇదే."

పక్కింటి పిన్ని అర్థంకాక మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. అమ్మ మెల్లగా చెప్పింది. "మీ నాన్న సంతకమెట్టిన నాడు సారా సీసాతో పాటు నా తరవాణి కుండ కూడా తీసికెల్లి కాలవలో పారబోసీసినారు. పులిసిందల్లా సైతానుదే అన్నారు. ఇడ్లీ పిండి ఒక్కటే ఒగ్గీసినారు. ఇడ్లీ అంటే ఆయనకి ఇట్టం."

"మీ అమ్మకి నానే పోత్తన్నాను, నెలకి రెండుపాల్లు" అంది పిన్ని. "మీ నాన్నకి సెప్పీకు."

అమ్మ నవ్వలేదు. "నీ ముక్కు తప్పు కాదురా. తెలీదని ఒక్క మాట అంటే ఏటయ్యేది?"

సోమవారం మేస్త్రి పనిలోకి రాలేదు. సెలవు చెప్పకుండా పది రోజులు రాకపోతే మా కంపెనీలో పేరు కొట్టేస్తారు. ఆ సాయంత్రం, దర్వాను సొరుగులోంచి సీటీ తీసుకుని, జుగ్సలాయి దాటాక రైలు పట్టాల పక్క బస్తీలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మం ముందే తెలిసిపోయింది. ఈసారి ఏ అనుమానమూ లేని వాసన. గోడకు జారబడి కూర్చుని నన్ను చూసి, మొహం తిప్పుకున్నాడు.

ఆయన భార్య బయటికి వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటారు, నేనూ అలాగే పిలిచాను.

"అప్పా, శుక్రవారం నుంచీ తాగుతున్నాడా..."

"లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది. పొయ్యి వెనక గోడ మీద బొగ్గుతో గీసిన నిలువు గీతలు, పది పదిగా గుంపులు కట్టి. "తాగని రోజుకి ఒక గీత. పొద్దున్న సేతులు లాగినప్పుడు సారాకి బదులు తరవాణి పోసినాను. పుల్లగా గొంతుకి ఏదో ఒకటి తగలాల గదా. పూజనాడు పదిమంది బతిమాలితే ముట్టకుండా ఇంటికొచ్చినాడు బాబూ. పిల్లోడిలాగ గెంతినాడు. పొద్దున్న బాబుకి నోరు సూపించాల అని బేగి లెగిసి గెడ్డం గీసుకున్నాడు."

నాకు అలవాటు కదా, లెక్కపెట్టాను. తొంభై అయిదు. నేను జాబితా అనుకున్న దానికంటే ఇది బాగా చేసిన జాబితా. ఒకే గడి, ఒక్క రోజూ వదల్లేదు.

మంగళవారం వెళ్లాను, బుధవారం వెళ్లాను. రెండు రోజులూ అదే గోడ, అదే మొహం. బుధవారం అప్ప గుమ్మం దాకా వచ్చింది. "సాయంత్రాలు రాకు బాబూ. ఈ ఏళప్పుడు లోపలున్నది ఆడు కాదు. పొద్దున్నే రా."

గురువారం పొద్దున్న అయిదున్నరకు వెళ్లాను. మేస్త్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు వాచి, చేతులు రెండూ మోకాళ్ల కింద పెట్టుకుని. అవి ఎందుకలా దాచాడో నాకు తెలుసు.

"నన్ను కొట్టీనానికొచ్చినావా, పేరు కొట్టీనానికొచ్చినావా?" అన్నాడు.

"తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. తరవాణి వాసన నాకు తెలీదు మేస్త్రీ. తెలుసని అబద్ధమాడాను."

"నాను తాగకుండా వత్తే తాగొచ్చినావన్నావు. ఇంక తాగితే ఏటి, తాగకపోతే ఏటి? రెండూ నీకు ఒకటే గదా."

అప్ప వైపు తిరిగి, నాకూ ఒక గిన్నెలో పోయమన్నాను. ఆవిడ తరవాణిలో చద్దన్నం వేసి, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టింది. మొదటి గుక్కకు నా మొహం ఎలా మారిందో గాని, మేస్త్రి మంచం మీద కదిలాడు.

"సూడవే, మీ ఇంజినీరు మొకం సూడు. ఆముదం తాగినట్టు పెట్టినాడు."

"బాగుంది" అన్నాను.

"అబద్దం. రెండోది."

ముగ్గురం నవ్వాం. రెండో గుక్క నిజంగానే బాగుంది. చల్లగా, నిమ్మాకు వాసనతో. అప్ప ఆయనకూ గిన్నె నింపింది. రెండు చేతులతో పట్టుకుని వణుకుతూ తాగాడు. నేను సీటీ తీసి మంచం మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నీకు తెలీదన్న మాట నాకు సెప్తే ఏటి లాభం?" అన్నాడు. "నన్ను గేటు కాడ గదా అన్నావు. పదిమందిలో. ఆడ సెప్పాల."

ఇద్దరం బయల్దేరాం. గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. వరస కట్టి ఉంది. మేస్త్రి చివర్న, తల వంచుకుని నిలబడ్డాడు. నేను బల్ల వెనక్కి వెళ్లలేదు. వరస ముందుకు వెళ్లి దర్వాను ఎదురుగా నిలబడి నోరు తెరిచాను.

"పహలే ముఝే దేఖో" అన్నాను, మేస్త్రి అన్నట్టే నన్ను ముందు చూడమని.

దర్వాను తమాషా అనుకున్నాడు. నేను కదలకపోయేసరికి వంగాడు. వెంటనే నిటారుగా అయ్యాడు. "క్యా సాహబ్... ఆప్ భీ?" మీరు కూడానా అని.

వరసలో వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు.

"రాయండి" అన్నాను. వాడు పెన్ను ముట్టుకోలేదు. నేనే కాగితం తీసుకుని, అందరి కింద నా పేరు రాసి, వాసన గడిలో ఇంటూ పెట్టాను. అప్పుడు తిరిగి నిలబడి చెప్పాను. సంఘంలో సాక్ష్యం చెప్పినంత తేలిగ్గా రాలేదు. "ఇది తరవాణి వాసన. ఇవాళ పొద్దున్న మొదటిసారి తాగాను. శుక్రవారం నాడు ఈ వాసన నాకు తెలీదు, తెలుసని అన్నాను. మేస్త్రి ఆ రోజు తాగలేదు. పూజనాడూ తాగలేదు. తప్పు నాది."

జోడీ ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"మరి ఇంటూ పడింది గదా బాబూ. రూలు పెకారం ఇంటికెల్లాల."

"అవును. వెళ్తున్నాను."

"మేస్త్రీకీ అదే వాసన."

"అదే వాసన. మేనేజరుగారు రూలు మార్చేదాకా ఆయనకూ ఇంటూయే."

ముసలాయన నవ్వాడు. "అయితే మీ దేవుడు కూడా ఇయ్యాల గేటు బయటేనన్నమాట."

నాలుగు పాయింట్ల జవాబు గుర్తు రాలేదు. అవసరమూ కనిపించలేదు.

మేస్త్రీ నేనూ గేటు బయట, రోడ్డు వారన నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. స్టేషను మలుపు దగ్గర ఆయన జేబులో చెయ్యి పెట్టి సీటీ తీసి మెడలో వేసుకున్నాడు. ఇంట్లోంచి ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు.

మర్నాడు మేనేజరు పిలిచి, నువ్వు పెట్టిన పద్ధతిని నువ్వే నవ్వులపాలు చేశావన్నాడు. నిజమే. ఖాళీగా ఉన్న నాలుగు గళ్లూ చూడాలని, వాసన ఒక్కదాన్నిబట్టి ఎవరినీ పంపకూడదని, ఇంటూ పెట్టేముందు మనిషిని పక్కకు పిలిచి మాట్లాడాలని, జాబితాలో ఆఫీసర్ల పేర్లు మొదట ఉండాలని రాసి ఇచ్చాను. ఆఖరిది తప్ప అన్నిటికీ ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం షెడ్డులో మళ్లీ లేచి, వెనకటి వారం చెప్పిన సాక్ష్యం తప్పని చెప్పాను. తరవాణి దగ్గర కొందరు నవ్వారు, నాన్న నవ్వలేదు. అయ్యగారు ఆఖరున అన్నారు: "ముట్టనని రాయించుకోవడం మనకి బాగా వచ్చు. మానినవాడి పక్కన రోజూ కూర్చోవడం ఇంకా రాలేదు." ఇవాళ్టికీ నాకు అదే సరైన మాటగా తోస్తుంది. మద్యం మనిషిని పాడుచేస్తుంది, ఇళ్లను పాడుచేస్తుంది, అందులో సందేహం లేదు. ఆ నాలుగు రోజుల్లో అప్ప కళ్లు చూసినవాణ్ణి నేను. కాని సమాజం దిగజారింది అని మేం ప్రతి ఆదివారం అనుకున్నప్పుడు, ఎప్పుడూ మాకంటే కింద ఉన్నవాళ్ల వైపు చూసే అనుకున్నాం. మనిషిని చూడకుండా మార్కు వేసేవాళ్లు, తెలియనిదాన్ని తెలుసనేవాళ్లు ఆ దిగజారడంలో లెక్కకు రాలేదు. సారా తాగినవాడు పొద్దున్నకు తేరుకుంటాడు. నేను తాగినదానికి వాసన ఉండదు కాబట్టి నన్నెవరూ గేటు దగ్గర ఆపలేదు.

మేస్త్రి ఆ రోజుతో మానేశాడని రాస్తే మీకు బాగుండేది. మానలేదు. దీపావళికి తాగాడు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. హోళీకి తాగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నేను ఏ టిక్కూ పెట్టుకోలేదు. వారానికి రెండు పొద్దున్నలు వాళ్లింట్లో తరవాణి తాగి, ఇద్దరం కలిసి పనికి వెళ్లేవాళ్లం. పొద్దున్న చేతులు ఎలా ఉన్నాయో అడిగేవాణ్ణి. కొన్ని రోజులు బాగున్నాయనేవాడు, కొన్ని రోజులు చూపించేవాడు. అప్ప పాత గీతలు చెరపలేదు. తొంభై అయిదు కింద దీపావళి దాకా ఒక వరస, దాని కింద దీపావళి తర్వాతి వరస, దాని కింద హోళీ తర్వాతి వరస. వర్షాలు మొదలయ్యాక నన్ను వేరే సైటుకు వేశారు. రెండు నెలలు వాళ్లింటి వైపు వెళ్లలేకపోయాను.

మళ్లీ విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ సాయంత్రం యార్డులో ప్రసాదం తీసుకుని, ఉండబట్టలేక నేరుగా ఆ బస్తీకి వెళ్లాను. మేస్త్రి ఇంట్లో లేడు. అప్ప పొయ్యి దగ్గర చేపలు వేయిస్తోంది. నా కళ్లు గోడ మీదికి వెళ్లాయి. చివరి వరస లెక్కపెట్టాను. నూట నలభై రెండు. హోళీ నుంచి లెక్కవేస్తే ఆ గీతలు జూలై ఆఖరుకే ఆగిపోయాయి. తర్వాత ఒక్కటీ లేదు. కొత్త వరస కూడా లేదు.

ప్రసాదం పొట్లం కింద పెట్టేశాను. "అప్పా... మళ్లీ ఎప్పుడు మొదలెట్టాడు?"

"ఏటి మొదలెట్టడం?" అని తిరిగింది. నేను చూస్తున్న చోటికి చూసింది. గరిటె పట్టుకున్న చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఓలమ్మ, అదా! తాగనేదు బాబూ. బజారుకెల్లినాడు, నిమ్మాకులకి. గీతలెట్టడం నానే మర్సిపోనాను."

లెక్క రాసుకుందామని జేబులోంచి అప్పటికే తీసిన పెన్సిలు, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.